సిబేలియస్ సింఫనీలో సరిగలు

అది 1939 జనవరి 1. నడి చలికాలం. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో రేడియో వాద్యబృందం ముందు డెబ్బై మూడేళ్ళ పెద్దాయన వచ్చి నిలబడ్డారు. నున్నటి తల, కనుబొమల మధ్య లోతైన ముడతలు. చాలా ఏళ్ళుగా ఆయన వాద్యబృందాన్ని నడిపించలేదు. ఆ రోజు మాత్రం ఒప్పుకున్నారు. ఎందుకంటే ఆ సంగీతం షార్ట్‌వేవ్ మీద సముద్రం దాటి అమెరికా చేరాలి. ఆ ఏడాది న్యూయార్క్‌లో జరగబోయే ప్రపంచ ప్రదర్శనకు ఫిన్లాండ్ పంపుతున్న పలకరింపు అది. వాయించింది చిన్న రచనే. పేరు ‘అందాంతె ఫెస్తివో’. చేయి లేచింది, తీగవాద్యాలు మొదలుపెట్టాయి, కొన్ని నిమిషాల్లో అయిపోయింది.

ఆ పెద్దాయన జాన్ సిబేలియస్. ఏడు సింఫనీలు రాసిన స్వరకర్త. తన సంగీతాన్ని తానే నడిపిస్తుండగా రికార్డయి ఇప్పటికీ మిగిలి ఉన్నది ఆ ఒక్కటే. అంటే సిబేలియస్ చేతి ఊపు ఎలా ఉండేదో ఇవాళ మనం తెలుసుకోగలుగుతున్నామంటే, అది రేడియో పుణ్యమే.

ఆయనకీ రేడియోకీ చుట్టరికం ఇంకా లోతైనది. 1930ల నడుమ న్యూయార్క్ ఫిల్హార్మొనిక్ వాద్యబృందం ఆదివారం కచేరీలు అమెరికా అంతటా రేడియోలో వచ్చేవి. మీకు నచ్చిన స్వరకర్త ఎవరని ఆ శ్రోతల్ని అడిగారు. అప్పటికి బతికున్న సింఫనీ కర్తల్లో వాళ్ళు ముందు నిలబెట్టిన పేరు సిబేలియస్. ఓటు వేసినవాళ్ళంతా సంగీత పండితులు కారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియో చుట్టూ చేరిన మామూలు కుటుంబాల వాళ్ళే ఎక్కువ. ఫిన్లాండ్ ఎక్కడుందో పటంలో చూపించమంటే వాళ్ళలో చాలామంది తడుముకునేవారేమో. ఆ సంగీతం మాత్రం వాళ్ళకి పట్టుబడింది.

ఎలా పట్టుబడింది? ఇవాళ మాట్లాడుకునేది ఆ సంగతే. ఎప్పుడూ సింఫనీ వినని మనిషి మొదటిసారి వింటే ఏం చేయాలి? చెవి దేన్ని ఆనుకోవాలి? జవాబు చిన్నది. ఒక్క ముక్క పట్టుకోండి. నాలుగైదు స్వరాల చిన్న ముక్క. దాన్ని వదలకుండా వెంబడించండి. అంతే. ఈ మాట ఈ ప్రసంగంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇళయరాజా 2025 మార్చిలో లండన్‌లో తన సింఫనీ వినిపించినప్పుడు సింఫనీ అనే మాట మన పత్రికల్లో, టీవీల్లో బాగా నలిగింది. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన పొడుగాటి రచన. డెబ్బై ఎనభై మంది కలిసి వాయిస్తారు. సాధారణంగా మూడో నాలుగో భాగాలుంటాయి. అరగంట, ముప్పావు గంట, ఒక్కోసారి గంట దాటుతుంది. రాసిన స్వరం రాసినట్టే వాయించాలి. మనోధర్మానికి చోటు దాదాపు లేదు.

మన చెవికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన చెవి మాటకి అలవాటు పడింది. త్యాగరాజస్వామి కీర్తన విన్నా, సినిమా పాట విన్నా, నాట్లు వేసేటప్పుడు పాడే పదం విన్నా, ముందు మాట పట్టుకుంటాం. పల్లవి తిరిగి వస్తే తెలిసిన గుమ్మంలోకి వచ్చినట్టు ఉంటుంది. సిబేలియస్ రాసిన ఏడు సింఫనీల్లో ఎక్కడా మాట లేదు, పాడే గొంతు లేదు. తొడ మీద తాళం వేసుకుందామంటే, వేసిన తాళం నాలుగు నిమిషాల్లో తప్పిపోతుంది. అందుకే చాలామంది పది నిమిషాలు విని, బాగానే ఉంది గానీ ఏమీ అర్థం కాలేదంటూ కట్టేస్తారు.

కానీ మాట లేని సంగీతం మనకి మరీ కొత్తదా? పెళ్ళి పందిట్లో సన్నాయి ఆలాపన గుర్తు చేసుకోండి. ఒక్క మాట కూడా ఉండదు. విద్వాంసుడు రాగాన్ని ఒకేసారి మన ముందు పెట్టడు. ఒక చిన్న పట్టు వాయించి ఆగుతాడు. దానికి ఇంకో రెండు స్వరాలు కలుపుతాడు. మళ్ళీ ఆగుతాడు. కాసేపటికి మనకి తెలియకుండానే రాగం మొత్తం పందిట్లో నిలబడి ఉంటుంది. ఆ ఓర్పు మన చెవికి ఉంది. సిబేలియస్ అడిగేది ఆ ఓర్పునే.

తేడా ఒకటుంది. సన్నాయి ఒకరిది. సింఫనీలో ముక్క చేతులు మారుతుంది. వీధిలో కబురు పాకినట్టు పాకుతుంది. మొదటి ఇంట్లో మెల్లగా చెప్పిన మాట, మూడో ఇంట్లో కాస్త గట్టిగా వినిపిస్తుంది. వీధి చివరికి వెళ్ళేసరికి దాని స్వరమే మారిపోతుంది. కానీ కబురు అదే. ఇక్కడ మొదట క్లారినెట్ చెబుతుంది, తర్వాత వయొలిన్లు అందుకుంటాయి, ఆపైన హార్న్‌లు గట్టిగా అరుస్తాయి. కబురు అదేనని గుర్తుపడితే చాలు. మీరు సింఫనీ వింటున్నట్టే.

అందుకే ముందు చెప్పిన మాట. ఒక్క ముక్క పట్టుకోండి.

ఇప్పుడు ఆ మనిషి గురించి కాస్త. సిబేలియస్ 1865 డిసెంబరు 8న హామెన్లిన్నా అనే చిన్న ఊళ్ళో పుట్టారు. అప్పుడు ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. తండ్రి వైద్యుడు. బిడ్డకి మూడేళ్ళు నిండకముందే టైఫస్ జ్వరంతో పోయారు. ఇంట్లో మాట్లాడింది స్వీడిష్, ఫిన్నిష్ బడిలో వచ్చింది. కుర్రవాడి కోరిక వయొలిన్ విద్వాంసుడు కావాలని. 1891లో వియన్నా ఫిల్హార్మొనిక్ వాద్యబృందంలో చోటు కోసం పరీక్షకు వెళ్ళి వాయించారు. తీసుకోలేదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విని పెరిగిన తెలుగువాళ్ళకి ఆ వాద్యం మీద మనసు పడటం అంటే ఏమిటో తెలుసు. సిబేలియస్‌కి ఆ కోరిక తీరలేదు. ఆ మరుసటి ఏడే ఆయన రాసిన పెద్ద రచన ‘కుల్లెర్వో’ హెల్సింకిలో మోగింది. ఇక వెనక్కి చూడలేదు. మొదటి సింఫనీ 1899లో, ఏడోది 1924లో. పాతికేళ్ళలో ఏడు.

ఆయన పద్ధతిలో ఒక ప్రత్యేకత ఉంది. అది తెలిస్తే వినడం సగం సులువవుతుంది.

మామూలుగా సింఫనీ రాసేవాళ్ళు ముందే ఒక బాణీని నిండుగా వినిపిస్తారు. తర్వాత దాన్ని విడగొట్టి ఏ ముక్క ఎలా ఉందో చూపిస్తారు. లడ్డూ చేతిలో పెట్టి, ఆపైన చిదిమి చూపించినట్టు. సిబేలియస్ చాలా చోట్ల దీన్ని తిరగేశారు. ఆయన ముక్కలతోనే మొదలుపెడతారు. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టే ఉంటుంది. కవ్వం పెట్టి పెరుగు చిలికేటప్పుడు చూడండి. మొదట అంతా నురుగే. ఎంత చిలికినా ఏమీ రాదేమో అనిపిస్తుంది. తర్వాత అక్కడొక పలుకు, ఇక్కడొక పలుకు తేలుతుంది. ఇంకాస్త చిలికితే పలుకులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చూస్తుండగానే ముద్ద. ఆ వెన్న ఎక్కడి నుంచో రాలేదు, మొదటి నుంచీ పెరుగులోనే ఉంది. సిబేలియస్ సింఫనీలో చివర వచ్చే పెద్ద బాణీ కూడా అంతే.

దీని గురించి ఆయనే తన డైరీలో రాసుకున్నారు. స్వర్గంలో నేల మీద పరిచిన రంగురాళ్ళ ముక్కల్ని భగవంతుడు కిందికి విసిరేసి, ఆ ముగ్గు ఎలా ఉండేదో నువ్వే కనుక్కోమన్నట్టుంది అన్నది దాని భావం. ఎంత చక్కని పోలిక! మన పని కూడా అందులోనే ఉంది. ఆయన ముక్కలు ఏరారు. మనం ఒక్కటి పట్టుకుంటే చాలు.

సరే, ఒక సింఫనీ తీసుకుందాం. రెండోది. కొత్తగా వినేవాళ్ళకి ఇంతకన్నా మంచి గుమ్మం లేదు. 1901లో సిబేలియస్ కుటుంబంతో ఇటలీ వెళ్ళి, సముద్రపు ఒడ్డున రపాల్లో అనే ఊళ్ళో ఉన్నప్పుడు దీని ఆలోచనలు మొలిచాయి. 1902 మార్చి 8న హెల్సింకిలో మొదటిసారి వినిపించారు. నలభై నిమిషాలకు పైగా ఉంటుంది.

సంగీతం నేర్చుకునే పిల్లలు మొదటి రోజు పాడేది ఏమిటి? సరళీ స్వరాలు. స, రి, గ. మెట్టు మీద మెట్టు, మూడు మెట్లు. రెండో సింఫనీ అంతా ఆ మూడు మెట్ల మీదే నడుస్తుందంటే నమ్మండి. తెల్లవాళ్ళు మేజర్ స్కేల్ అనేది మన ధీరశంకరాభరణమే. ఆ లెక్కలో చెప్పుకుంటే, సింఫనీ మొదలవగానే తీగవాద్యాలు మెత్తగా పైకి ఎక్కుతాయి. గ, మ, ప. మూడు మెట్లు. ఏదో తలుపు దగ్గర అడుగుల చప్పుడు విన్నట్టుంటుంది. అదే మీ ముక్క. పట్టుకోండి.

మొదటి భాగంలో ఆ మూడు మెట్లు ఎక్కడం, దిగడం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టక్కర్లేదు. చెవి పెట్టి ఉంచితే చాలు. రెండో భాగం చీకటిగా ఉంటుంది. మూడోది పరుగు. అక్కడి నుంచి నాలుగో భాగానికి మధ్య ఆగడం ఉండదు. సంగీతం ఉప్పొంగుతూ, ఇంకా ఉప్పొంగుతూ వచ్చి, ఒక్కసారిగా ఆనకట్ట గేట్లు ఎత్తినట్టు నాలుగో భాగంలోకి దూకుతుంది. దూకగానే వినిపించేది ఏమిటి? స, రి, గ. అవే మూడు మెట్లు. ఈసారి వయొలిన్లన్నీ కలిసి, గుండె నిండా ఊపిరి పీల్చుకుని పాడతాయి. మొదట్లో అడుగుల చప్పుడులా విన్నది ఇప్పుడు ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఈ ఒక్క గుర్తుపట్టే క్షణం కోసమైనా రెండో సింఫనీ వినాలి.

ఇందులోనే ఇంకో చోటుంది. నాలుగో భాగంలో కింది తీగవాద్యాలు ఒక చిన్న స్వరాల వరుసని తిరగలిలా తిప్పుతుంటాయి. ఆపకుండా అదే వరుస. దాని మీద ఒక దిగులు బాణీ. రెండోసారి వచ్చినప్పుడు ఆ తిరగలి మరీ ఎక్కువసేపు తిరుగుతుంది. ఇది ఇక ఆగదా అనిపించేంతసేపు. అప్పుడు ఒక్క స్వరం మారుతుంది. సాధారణ గాంధారం అంతర గాంధారం అవుతుంది. సంగీతం తెలిసినవాళ్ళకి ఈ మాట చాలు. తెలియనివాళ్ళు కళ్ళు మూసుకుని వింటే చాలు. గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టుంటుంది. అంతసేపు తిరగలి తిప్పించింది ఆ ఒక్క స్వరం విలువ మనకి తెలియడానికే.

అప్పట్లో ఫిన్లాండ్ మీద రష్యా ఒత్తిడి పెరుగుతోంది. అందుకని ఈ సింఫనీని దేశపు పోరాటగాథగా చాలామంది విన్నారు. సిబేలియస్ స్నేహితుడు, వాద్యబృంద నిర్వాహకుడు రాబర్ట్ కయానుస్ కూడా అలాగే చెప్పారు. సిబేలియస్ ఆ అర్థాన్ని ఒప్పుకోలేదు. మనకి ఆ చరిత్ర తెలిస్తే మంచిదే. తెలియకపోయినా ఆ మూడు మెట్లు ఎక్కడం ఆగదు.

1907లో ఇంకో పెద్ద స్వరకర్త గుస్తావ్ మాహ్లర్ హెల్సింకి వచ్చారు. ఇద్దరూ కలిసి నడుస్తూ మాట్లాడుకున్నారు. సింఫనీలో ముక్కలన్నిటినీ లోపల్లోపల కలిపే బిగువు తనకిష్టమని సిబేలియస్ అన్నారు. మాహ్లర్ ఒప్పుకోలేదు. సింఫనీ ప్రపంచంలాంటిది, అందులో అన్నీ ఉండాలి అన్నారు. మాహ్లర్‌ది తిరనాళ్ళ పద్ధతి. సిబేలియస్‌ది మగ్గం పద్ధతి. తిరనాళ్ళ అందం తిరనాళ్ళదే. మొదటిసారి వినేవాళ్ళకి మాత్రం మగ్గం సులువు. ఒక్క దారపు పోగు పట్టుకుంటే బట్ట మొత్తం చుట్టి రావచ్చు.

అయితే సిబేలియస్ రాసినవన్నీ ఇంత చనువుగా ఉండవు. నాలుగో సింఫనీ కఠినం. 1908లో ఆయన గొంతులో కణితి వచ్చింది. శస్త్రచికిత్స జరిగింది. మళ్ళీ వస్తుందేమోనన్న భయం ఏళ్ళ తరబడి వెంటాడింది. చుట్టలు, మద్యం చాలా ఏళ్ళు మానేశారు. ఆ నీడలో రాసిన సింఫనీ 1911 ఏప్రిల్ 3న హెల్సింకిలో వినిపించినప్పుడు జనం అయోమయంలో పడ్డారు. అది మొదలయ్యే ముక్క మన స్వరాల్లో చెప్పుకోవచ్చు. స, రి, మ, గ. అందులో మధ్యమం ప్రతి మధ్యమం. మనకి ప్రతి మధ్యమం అంటే కల్యాణి. పెళ్ళిళ్ళలో, శుభకార్యాల్లో విని ఆనందించే స్వరం. ఐరోపావాళ్ళ చెవికి షడ్జం నుంచి ఆ మధ్యమానికి ఉన్న దూరం శతాబ్దాల నుంచీ గుచ్చుకునేదే. మరి మన చెవికి ఈ సింఫనీ తియ్యగా ఉంటుందా? ఉండదు. కల్యాణి పాడేటప్పుడు వెనక తంబురా షడ్జాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇక్కడ ఆ ఆధారం జారిపోతుంది. ఇదే సా అనుకుని కాలు మోపుతాం. కాసేపటికి చెల్లో ఒంటరిగా పాడటం మొదలుపెట్టేసరికి ఆ నేల మన కింద ఉండదు. నాలుగో సింఫనీని మొదటే వినకండి. మిగతావి విన్నాక, ఒక నిశ్శబ్దమైన రాత్రి వినండి.

ఆరోదాని గురించి ఒక్క మాట. అది సాగే దారి మన ఖరహరప్రియకి దగ్గర. ఆ మెట్లే. మిగతావాళ్ళు రంగురంగుల పానీయాలు కలుపుతుంటే, తాను చల్లటి మంచినీళ్ళు అందిస్తున్నానని సిబేలియస్ అనేవారు. ఆరో సింఫనీ ఆ మంచినీళ్ళే.

ఇప్పుడు అయిదోదానికి వద్దాం. ఎక్కువమంది శ్రోతలు గుండెకి హత్తుకున్నది ఇది.

సిబేలియస్ ఇల్లు హెల్సింకికి ఉత్తరాన యార్వెన్‌పాలో, తూసులా సరస్సుకి దగ్గర్లో ఉంది. చుట్టూ పైన్, భూర్జ చెట్లు. 1904లో గృహప్రవేశం చేశారు. భార్య పేరు ఐనో, ఇంటి పేరు ఐనోలా. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నీళ్ళ గొట్టాలు వేయించలేదని చెబుతారు. గొట్టాల్లో నీటి చప్పుడు ఆయన చెవికి ఓర్వలేనిది. దానివల్ల ఆరుగురు ఆడపిల్లల్ని కన్న ఆ తల్లి ఎన్ని బిందెల నీళ్ళ కష్టం పడిందో ఊహించుకోవచ్చు. ఆ సింఫనీల వెనకున్న నిశ్శబ్దానికి ఆమె కూడా మూల్యం చెల్లించింది. ఈ సంగతి చెప్పకుండా ఐనోలా గురించి మాట్లాడటం న్యాయం కాదు.

1915 ఏప్రిల్ 21. పొద్దున పదకొండుకి పది నిమిషాలు తక్కువ. సిబేలియస్ పదహారు హంసల్ని చూశారు. అవి తల మీదుగా చాలాసేపు చుట్టూ తిరిగి, ఎండ మంచులో వెండి రిబ్బనులా మాయమయ్యాయి. ఆ సంగతి వెంటనే డైరీకెక్కింది. తన జీవితంలో గొప్ప అనుభవాల్లో ఇదొకటని రాసుకున్నారు. పులికాట్ సరస్సు మీద రాజహంసల గుంపు ఒక్కసారిగా లేవడం చూసినవాళ్ళకి ఈ మాట అతిశయం అనిపించదు.

ఆ హంసలు అయిదో సింఫనీ చివరి భాగంలోకి వచ్చాయి. ముందు తీగవాద్యాలు హడావిడిగా గలగలమంటాయి. ఆ గలగల మధ్యలోంచి హార్న్‌లు వస్తాయి. ఊయల ఊగినట్టు స్వరం పైకి వెళ్తుంది, కిందికి వస్తుంది. పైకి, కిందికి. పెద్ద రెక్కలు నింపాదిగా కదిలినట్టు. ఇదే మీ ముక్క. ఒక్కసారి వింటే మరిచిపోవడం కష్టం.

ఆ ఊయల ఊగుతున్నప్పుడు బాగా కిందికి చెవి పెట్టండి. పెద్ద బేస్ వయొలిన్లు కూడా అదే ముక్కని మీటుతుంటాయి. కానీ మూడో వంతు వేగంతో. మన పిల్లలు ఒకే వరుసని మొదటి కాలంలో, రెండో కాలంలో పాడతారు కదా. ఇక్కడ రెండు వేగాలూ ఒకేసారి నడుస్తాయి. పైన హంసలు ఎగురుతుంటే కింద సరస్సులో వాటి నీడ మెల్లగా కదులుతున్నట్టు. మొదటిసారి ఇది దొరక్కపోతే బాధపడకండి. మూడోసారి దొరుకుతుంది. దొరికినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ సింఫనీ మొదట వినిపించింది 1915 డిసెంబరు 8న. ఆయన యాభయ్యో పుట్టినరోజు. దేశమంతా పండగ చేసుకుంది. అయినా సిబేలియస్‌కి తృప్తి కలగలేదు. బయట ప్రపంచయుద్ధం. జర్మనీ ప్రచురణకర్తల నుంచి రావలసిన డబ్బు ఆగిపోయింది. ఇల్లు గడవడానికి చిన్న చిన్న పియానో ముక్కలు రాస్తూ, మరోపక్క ఈ సింఫనీని విప్పి మళ్ళీ కుట్టారు. 1916లో ఒకసారి మార్చారు. 1917 డిసెంబరులో ఫిన్లాండ్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. వెంటనే అంతర్యుద్ధం. ఐనోలాని సైనికులు వచ్చి సోదా చేశారు. ఇంత గొడవలోనూ సింఫనీని వదల్లేదు. 1919లో గానీ తృప్తి పడలేదు. నాలుగు భాగాలున్నది మూడయింది. మొదటి రెండూ కరిగి ఒకటయ్యాయి.

లాహ్తి అనే ఓ మోస్తరు ఊరి వాద్యబృందం, ఓస్మో వాన్స్కా నాయకత్వంలో, ఆ 1915 నాటి పాత రూపాన్ని 1995లో రికార్డు చేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే తెలుస్తుంది, నాలుగేళ్ళలో ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం తీసేయడమే. సింఫనీ ఆరు పెద్ద దెబ్బలతో ముగుస్తుంది. బృందం మొత్తం కలిసి కొట్టే ఆరు దెబ్బలు. పాత రూపంలో వాటి మధ్య ఖాళీల్లో వయొలిన్లు వణుకుతూ మోగుతుంటాయి. కొత్త రూపంలో అక్కడ ఏమీ లేదు. నిశ్శబ్దం.

రేడియోలో వింటుంటే ఈ చోట జాగ్రత్త. మొదటి దెబ్బ పడుతుంది. తర్వాత ఏమీ వినిపించదు. ప్రసారం ఆగిపోయిందేమోనని లేచి వెళ్ళి ముట్టుకోకండి. రెండో దెబ్బ వస్తుంది. మళ్ళీ ఖాళీ. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి. హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా ఇక్కడ పొరపడి ముందే చప్పట్లు కొట్టేస్తుంటారు. ఆరు. ఆరో దెబ్బ దాకా ఆగండి.

చివరిది, ఏడో సింఫనీ. 1924 మార్చి 24న స్టాక్‌హోమ్‌లో సిబేలియస్ స్వయంగా నడిపించారు. ఇరవై నిమిషాలు కాస్త దాటుతుంది. భాగాలే లేవు. ఒకే ఊపిరి. ఇందులో ముక్క పట్టుకోవడం ఇంకా సులువు. ట్రాంబోన్ ఒక గంభీరమైన బాణీ పాడుతుంది. ఇరవై నిమిషాల్లో అది మూడుసార్లు వస్తుంది. బస్సులో వెళ్తుంటే ఊరి పక్క కొండ మూడు మలుపుల్లో మూడుసార్లు కనిపిస్తుంది చూడండి. ఒకసారి ఎండలో, ఒకసారి మబ్బు కింద, ఒకసారి పొద్దు వాలుతుండగా. కొండ కదల్లేదు. కదిలింది మనం. ఆ బాణీ చిత్తుప్రతిలో దాని పక్కన సిబేలియస్ రాసుకున్న పేరు ఐనో.

ఎనిమిదో సింఫనీ కోసం ప్రపంచం ఎదురుచూసింది. బోస్టన్‌లో అడిగారు, లండన్‌లో అడిగారు. సిబేలియస్ ఇస్తానన్నారు, వాయిదా వేశారు. 1940లలో ఒక రోజు ఐనోలా భోజనాల గదిలోని పొయ్యిలో ఒక బుట్టెడు రాతప్రతులు కాల్చేశారు. ఆ తర్వాత ఆయన మనసు తేలికపడిందని ఐనో గుర్తు చేసుకున్నారు. మిగిలిన కొన్ని చిత్తు కాగితాల్లోంచి రెండు మూడు నిమిషాల సంగీతాన్ని 2011లో హెల్సింకి వాద్యబృందం వాయించింది. వినవలసినదే. విని ఊరుకోలేం, మిగతాదేమైందని మనసు కొట్టుకుంటుంది.

మేధావులందరూ ఆయన్ని మెచ్చుకోలేదు. జర్మనీ తత్వవేత్త అడోర్నో 1938లో ఘాటుగా విమర్శించారు. 1955లో, సిబేలియస్ తొంభయ్యో పుట్టినరోజు ఏడాది, ఫ్రాన్స్‌లో లైబోవిట్జ్ అనే సంగీతజ్ఞుడు ప్రపంచంలోకెల్లా చెడ్డ స్వరకర్త అంటూ ఒక చిన్న పుస్తకమే వేశారు. ఆ పుట్టినరోజుకే చర్చిల్ చుట్టల పెట్టె పంపారు. శ్రోతలు మాత్రం వింటూనే ఉన్నారు. 1932లో లండన్‌లో ఒక రికార్డుల కంపెనీ సిబేలియస్ సంఘం పెట్టింది. ముందే చందా కట్టినవాళ్ళకి రికార్డులు పంపేవారు. అవి గ్రామఫోను రికార్డులు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే. ఒక సింఫనీ పూర్తిగా వినాలంటే పదిసార్లు దాకా లేచి తిప్పాలి, మార్చాలి. అలా లేస్తూ కూర్చుంటూ విన్నారు ఆ శ్రోతలు. ఇవాళ మన చేతిలో ఫోను ఉంది. పావో బెర్గ్‌లుండ్, ఓస్మో వాన్స్కా లాంటి ఫిన్లాండ్ నిర్వాహకుల రికార్డింగులు వెతికితే దొరుకుతాయి.

మీరు వినబోతే ఒక్క చిన్న సలహా. మిక్సీ తిరుగుతుండగా, కుక్కరు కూత పెడుతుండగా వినకండి. మొదటి సింఫనీ ఒంటరి క్లారినెట్‌తో మొదలవుతుంది, వెనక ఒక పెద్ద డోలు గుసగుసలా మోగుతూ. ఆ గుసగుస వంటింటి చప్పుడులో మునిగిపోతుంది. రెండో సింఫనీతో మొదలుపెట్టండి. నలభై నిమిషాలు తీరిక లేకపోతే చివరి భాగం ఒక్కటే వినండి. స, రి, గ. మూడు మెట్లు. ఒక్క ముక్క పట్టుకోండి. ఓ వారం పోయాక అదే మళ్ళీ వినండి. ఆ తర్వాత అయిదోది.

సిబేలియస్ కూడా శ్రోతే. ముసలితనంలో ఐనోలాలో రేడియో ముందు కూర్చుని, దూరదేశాల స్టేషన్లు తిప్పుతూ, తన సింఫనీలని ఎవరెవరు ఎలా వాయిస్తున్నారో వినేవారు. 1957 సెప్టెంబరులో ఒక రోజు కొంగల బారు ఐనోలా మీదుగా దక్షిణానికి వెళ్తుంటే చూశారు. అందులో ఒక పక్షి గుంపు నుంచి విడిపోయి ఇంటి మీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ బారులో కలిసిందట. అదయిన రెండు రోజులకి, సెప్టెంబరు 20న, మెదడులో రక్తనాళం చిట్లి ఆయన పడిపోయారు. వయసు తొంభై ఒకటి.

ఆ సాయంత్రం హెల్సింకిలో కచేరీ ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాల్కమ్ సార్జెంట్ నడిపిస్తున్నారు. వాయిస్తున్నది అయిదో సింఫనీ. రేడియోలో వస్తోంది. హెల్సింకికి దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో, ఐనోలాలో ఆయన స్పృహ లేకుండా పడుకుని ఉన్నారు. రేడియో పెడితే ఆ సంగీతం విని కళ్ళు తెరుస్తారేమోనని ఐనో ఆలోచించారు. పెట్టడానికి చేయి రాలేదు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. ఐనోలా తోటలోనే సమాధి చేశారు. పన్నెండేళ్ళ తర్వాత ఐనోని కూడా ఆయన పక్కనే పడుకోబెట్టారు.